ఎముకలు పలచగా ఉన్నాయంటే గెంతడం మానాలా? సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) ఉన్న పిల్లల వ్యాయామం గురించి

నమస్తే అమ్మా. మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. మీ పరిస్థితిలోనే ఉన్న మిగతా తల్లిదండ్రులు కూడా చదువుతారు కాబట్టి, ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను.

మీ బాబుకు 13 ఏళ్ళు. నాలుగో ఏట చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేల్చారు. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే, తిండి సరిగా అరగని జన్యు జబ్బు ఇది. మందులు, నెబ్యులైజర్, కఫం తీసే ఫిజియో అన్నీ క్రమం తప్పకుండా చేయిస్తున్నారు. రోజూ సాయంత్రం 40 నిమిషాలు సైకిల్ తొక్కుతాడు. పోయిన నెల మొదటిసారి ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే వెన్నెముక దగ్గర జెడ్ స్కోర్ (అదే వయసు పిల్లలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 1.7 వచ్చింది. డాక్టరుగారు కాల్షియం, విటమిన్ డి రాసి, "ఎక్సర్‌సైజ్ చేయించండి" అన్నారు. ఇంటికొచ్చాక నానమ్మగారు భయపడిపోయి, "ఎముకల్లో బలం లేదంటే గంతులేమిటి, కింద పడితే పుటుక్కున విరగవూ?" అన్నారు. బడిలో పీఈటీ సార్ కూడా గేమ్స్ పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోమంటున్నారు. బాబు గెంతవచ్చా, సైకిల్ సరిపోదా అన్నది మీ ప్రశ్న.

సైకిల్ ఊపిరితిత్తులకు మంచిది, కానీ ఎముకలకు సరిపోదు. కింద నేను చెప్పే నాలుగైదు అడ్డంకులు లేవని మీ డాక్టరు నిర్ధారిస్తే బాబు గెంతవచ్చు, గెంతాలి కూడా. నేను ఫిజియోథెరపిస్టుని. 20 ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను, అందులో ఎక్కువ భాగం సీఎఫ్ ఉన్న పిల్లలతోనే గడిచింది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఆ రిపోర్టు గురించి. మైనస్ 1.7 అంటే ఎముకలు గుల్లబారినట్టు కాదు. పిల్లల్లో ఒక్క స్కాన్ చూసి ఆస్టియోపోరోసిస్ అని చెప్పరు. పెద్ద దెబ్బేమీ తగలకుండానే వెన్నుపూస నలిగి ఉండాలి. లేదా జెడ్ స్కోర్ మైనస్ 2కు దిగిపోయి, దానితో పాటు కాళ్ళూ చేతుల ఎముకలు పదేపదే విరిగిన చరిత్ర ఉండాలి. మీ బాబుకు ఇంతవరకు ఒక్క ఎముకా విరగలేదని రాశారు. ఇంకో సంగతి. డెక్సా ఎముకను ఫోటోలాగా బల్లపరుపుగా చూస్తుంది, దాని లోతు చూడలేదు. అందుకని వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల ఎముక ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. సీఎఫ్ ఉన్న పిల్లలు చాలామంది పొట్టిగానే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు "ఈ స్కోరును ఎత్తుతో సరిచూశారా?" అని అడగండి. రిపోర్టులో టీ స్కోర్ అని ఇంకో అంకె ఉంటే దాన్ని వదిలేయండి, అది పెద్దవాళ్ళకు వాడేది.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. సీఎఫ్‌లో ఎముక పలచబడటానికి ఒక కారణం కాదు, చాలా ఉన్నాయి. పాంక్రియాస్ అనే గ్రంథి తయారుచేసే జీర్ణరసాలు పేగులోకి రాకపోవడంతో కొవ్వు అరగదు. కొవ్వుతో పాటు ఒంటికి పట్టాల్సిన విటమిన్ డి, విటమిన్ కె కూడా సరిగా పట్టవు. డి లేకపోతే కాల్షియం పేగు దాటి లోపలికి సరిగా రాదు. ఎముక అల్లికలో పనిచేసే ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్ సిద్ధం కావాలంటే కె ఉండాలి. ఇక ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ రాజుకున్నప్పుడల్లా రక్తంలోకి వాపు రసాయనాలు వస్తాయి, అవి ఎముకను కొరికే కణాలను రెచ్చగొడతాయి. జ్వరంతో రెండు వారాలు ఆసుపత్రిలో పడుకుంటే ఆ రెండు వారాలూ ఎముకకు నష్టమే. స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడితే అదొకటి. యుక్తవయసు ఆలస్యంగా రావడం ఇంకొకటి. వీటన్నిటికీ తోడు, సీఎఫ్‌కు మూలమైన సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్ ఎముకను కట్టే కణాల్లో కూడా ఉంటుంది. అది పనిచేయకపోతే ఎముక నిర్మాణమే కొంత మందగిస్తుంది. అంటే మీరు తిండి విషయంలో ఏ లోటూ చేయకపోయినా ఈ అంకె రావచ్చు. "నేనేం తక్కువ చేశాను" అని రాశారు మీరు. మీరేమీ తక్కువ చేయలేదమ్మా.

ఈ కారణాల్లో చాలావరకు మన చేతిలో లేనివి, లేదా సగమే మన చేతిలో ఉన్నవి. కదలిక మాత్రం పూర్తిగా మన చేతిలోదే. విచిత్రంగా, మనం భయపడి ముందు ఆపించేది కూడా దాన్నే.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. పని మొదలుపెట్టిన కొత్తలో నా దృష్టంతా ఊపిరితిత్తుల మీదే ఉండేది. 17 ఏళ్ళ అబ్బాయి ఒకడు నా దగ్గరకు మూడేళ్ళ పాటు వచ్చాడు. ట్రెడ్‌మిల్, సైకిల్, శ్వాస వ్యాయామాలు అన్నీ చెప్పినట్టు చేసేవాడు. ఎముకల గురించి ఒక్కసారి కూడా నేను అడగలేదు. ఒకరోజు గట్టిగా దగ్గుతుంటే పక్కటెముక చిట్లింది. పక్కటెముక దానంతట అదే అతుక్కుంటుంది, పెద్ద ప్రమాదమేమీ కాదు. కానీ ఆ నొప్పితో వాడు దగ్గడం మానేశాడు. దగ్గు వస్తుంటే దిండును గుండెకు అదుముకుని ఆపుకునేవాడు. కఫం లోపలే ఉండిపోయింది, ఇన్‌ఫెక్షన్ ముదిరింది, మూడు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. సీఎఫ్‌లో ఎముక సంగతి ఎముకతో ఆగదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. వెన్నుపూసలు నలిగి వీపు వంగితే ఛాతీకి విప్పారే చోటు తగ్గుతుంది. ఎముకలు మరీ దెబ్బతింటే ముందుముందు ఊపిరితిత్తుల మార్పిడి అవసరమైనప్పుడు అదీ అడ్డు రావచ్చు. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి బిడ్డకూ ఎముకల వ్యాయామం విడిగా రాసిస్తున్నాను.

విడిగా ఎందుకంటే, ఊపిరితిత్తులు కోరేది వేరు, ఎముక కోరేది వేరు. ఊపిరితిత్తులకు చాలాసేపు ఆయాసం రావాలి. ఎముకకు ఆయాసంతో పనిలేదు, దానికి కుదుపు కావాలి. ఎముక లోపల ఆస్టియోసైట్లు అనే కణాలు సన్నని కాలువల్లో కూర్చుని ఉంటాయి. ఎముక మీద ఉన్నట్టుండి బరువు పడి అది వెంట్రుకవాసి వంగినా ఆ కాలువల్లోని ద్రవం కదులుతుంది. ఆ కదలికను పసిగట్టి, "ఇక్కడ బలం కావాలి" అని ఈ కణాలు ఎముకను కట్టే కణాలకు కబురు పెడతాయి. టెన్నిస్ ఆటగాళ్ళను చూడండి, రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉంటుంది. మనిషి ఒకడే, తిండీ ఒకటే, తేడా అంతా దెబ్బ తగిలిన చేతిలోనే ఉంది. బరువన్నదే లేని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక తరిగిపోతుంది.

సైకిల్ మీద ఒంటి బరువు మోసేది సీటు. ఈతలో మోసేది నీళ్ళు. అందుకే రెండూ గుండెకూ ఊపిరికీ ఎంత మంచివైనా ఎముకకు పెద్దగా కబురు అందదు. ఏళ్ళ తరబడి సైకిల్ పందేలు తొక్కేవాళ్ళలో కూడా వెన్నెముక సాంద్రత తక్కువగా కనిపించడం డాక్టర్లు గమనించిన విషయమే. అయితే బాబు సైకిల్ మాత్రం ఆపించకండి. టొరంటోలో 7 నుంచి 19 ఏళ్ళ సీఎఫ్ పిల్లల చేత ఇంటి దగ్గరే మూడేళ్ళ పాటు, వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున వ్యాయామం చేయించారు. చేసినవాళ్ళలో ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం నెమ్మదించింది. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. సైకిల్ ఆ లెక్కలో ఉండనివ్వండి, గెంతడాన్ని దాని పక్కన చేరుద్దాం.

ఎంత గెంతాలి? తల్లిదండ్రులు వినగానే నమ్మని సంగతి ఇదే. చాలా కొంచెం చాలు. నడకలో ప్రతి అడుక్కీ కాలి మీద పడేది దాదాపు ఒంటి బరువంతే. ఉన్నచోటే రెండు కాళ్ళతో ఎగిరి దిగితే 3 నుంచి 5 రెట్లు పడుతుంది. అదే ఎముకకు వినపడే భాష. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బడి పిల్లల చేత రోజుకు మూడుసార్లు, గంట కొట్టినప్పుడల్లా పది గెంతులు వేయించారు. మొత్తం కలిపితే నిమిషాల పనే. 8 నెలల తర్వాత చూస్తే, వేయని పిల్లలకన్నా వేసిన పిల్లలకు తుంటి ఎముకలో ఖనిజం ఎక్కువ చేరింది. అమెరికాలోని ఓరెగాన్‌లో ఇంకాస్త గట్టిగా చేయించారు. 61 సెంటీమీటర్ల పెట్టె మీద నుంచి 100 దూకులు, వారానికి మూడుసార్లు, 7 నెలలు. అక్కడ కూడా తుంటికీ నడుముకీ లాభం కనిపించింది. మనం మాత్రం అంత ఎత్తుతో మొదలుపెట్టం.

ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ రెండూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద చేసినవి. సీఎఫ్ పిల్లల ఎముకల కోసమే చేసిన వ్యాయామ పరిశోధనలు చిన్నవి, వాటిని బట్టి ఇంత శాతం పెరుగుతుందని మీకు నేను అంకె చెప్పలేను. కానీ ఎముక కుదుపును వినే పద్ధతి సీఎఫ్‌లో తలకిందులైపోదు. పెద్ద పరిశోధన వచ్చేదాకా ఆగుదామంటే ఈలోపు బాబు ఎదిగే వయసు దాటిపోతుంది.

వయసు అన్నాను కాబట్టి చెప్తున్నాను. ఎముకలోకి ఖనిజం అన్నిటికన్నా వేగంగా చేరేది ఆడపిల్లల్లో పన్నెండున్నర ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 14 ఏళ్ళ దగ్గర. ఆ వయసుకు ముందూవెనకా కలిపి రెండేళ్ళలోనే, పెద్దయ్యాక ఉండే మొత్తం ఎముక ఖనిజంలో నాలుగో వంతు చేరిపోతుంది. సీఎఫ్‌లో యుక్తవయసు కొంచెం వెనకబడుతుంది కాబట్టి మీ బాబుకు ఆ కాలం ఇప్పుడే మొదలవుతూ ఉండవచ్చు. డాక్టరుగారు సరైన సమయంలోనే స్కాన్ తీయించారు.

మొదలుపెట్టే ముందు డాక్టరుగారిని అడగాల్సినవి ఇవి. ప్లీహం (పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) పెరిగి ఉందా? సీఎఫ్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీసి ప్లీహాన్ని పెంచుతుంది. అలా ఉంటే కబడ్డీ లాంటి మీదపడే ఆటలు వద్దు, ఊపిరి బిగబట్టి బరువులెత్తడమూ వద్దు. ఈమధ్య ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గానీ, కఫంలో రక్తం పడటం గానీ జరిగిందా? జరిగితే డాక్టరు సరే అనేదాకా ఆగాలి. వీపులో ఉన్నట్టుండి ఒకేచోట పోటు వస్తోందా? వస్తుంటే గెంతులకు ముందు వెన్నెముకకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. షుగర్ పరీక్ష చేశారా? సీఎఫ్ పిల్లలకు పదేళ్ళు దాటాక ఏటా గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష చేయించాలి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు వ్యాయామానికి ముందు షుగర్ చూసుకుని, జేబులో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోవాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. సూడోమోనాస్ అనే ఊపిరితిత్తుల బ్యాక్టీరియా కోసం సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వాడుతున్న రోజుల్లో గెంతులు ఆపేయండి. ఆ జాతి మందులు మడమ వెనక ఉండే స్నాయువును బలహీనం చేసే అవకాశం ఉంది, స్టెరాయిడ్ కూడా తోడైతే ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో నడక, చేతుల వ్యాయామాలు చాలు. కోర్సు అయిపోయాక ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి.

ఇక అసలు పని. మొదటి రోజు నేను గెంతమనను, దిగడం నేర్పుతాను. నా దగ్గరికొచ్చిన 11 ఏళ్ళ పాప ఒకతె గుర్తుంది. అప్పటిదాకా ఇంట్లో మెట్టు కూడా దూకనివ్వలేదట. మొదటిసారి ఎగిరి దిగితే గది అదిరేలా దబ్బుమని చప్పుడైంది. మడమలు ముందు ఆనాయి, మోకాళ్ళు కర్రల్లా బిగిశాయి, ఊపిరి బిగబట్టింది, పిడికిళ్ళు ముడుచుకుంది. కళ్ళు మాత్రం తల్లి వైపే ఉన్నాయి. "పిల్లి గోడ మీంచి దూకితే చప్పుడవుతుందా? నువ్వూ నాకు వినపడకుండా దిగాలి" అన్నాను. రెండోసారి మునివేళ్ళ మీద దిగి, తర్వాత మడమ ఆనించి, మోకాళ్ళు కొంచెం మడిచింది. నాలుగోసారికి చప్పుడు తగ్గింది. పదోసారికి నవ్వింది, నవ్వగానే దగ్గొచ్చింది, దగ్గితే పొద్దున్నుంచి రాని కఫం బయటపడింది. వాళ్ళమ్మ కంగారుపడింది గానీ, నేను మాత్రం సంతోషించాను.

మీ బాబుకు కూడా ఇదే చూడండి. మునివేళ్ళు, మడమ, మోకాళ్ళు, ఈ వరుసలో దిగాలి. మోకాళ్ళు లోపలికి ఒకదానికొకటి తగలకూడదు. ఎగిరేటప్పుడు గాలి వదలాలి, బిగబట్టకూడదు. బూట్లు వేసుకోవాలి. మట్టి వాకిలి అయితే మంచిది, తడిగా ఉన్న టైల్స్ మీద మాత్రం వద్దే వద్దు.

మొదటి రెండు వారాలు ఉన్నచోటే రెండు కాళ్ళతో పది గెంతులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారానికి ఐదు రోజులు. నొప్పులేమీ లేకపోతే మూడో వారం నుంచి మధ్యాహ్నం ఇంకో పది. మూడు పదుల్నీ కలిపి ఒకేసారి వేయించవద్దు. ఎలుకల మీద ఇండియానాలో చేసిన ప్రయోగంలో రోజుకు 360 కుదుపులు ఒకేసారి ఇస్తే వచ్చిన లాభం కన్నా, అవే 360ని 90 చొప్పున నాలుగుసార్లు విడగొట్టి ఇస్తే వచ్చిన లాభం ఎక్కువ. వరసగా కొడుతుంటే కాసేపటికి ఎముక వినడం మానేస్తుంది, మళ్ళీ పూర్తిగా చెవి ఒగ్గడానికి గంటలు పడుతుంది. ఇంట్లో మూడు పూటలా తిండి ఉంటుంది కదా, ప్రతి పూటా తినబోయే ముందు పది గెంతులు అని పెట్టుకుంటే ఎవరూ మర్చిపోరు. తిన్న వెంటనే మాత్రం వద్దు, సీఎఫ్ పిల్లలకు కడుపులోది పైకి ఎగతన్నడం మామూలే.

రెండు నెలలయ్యాక దిశ మార్చండి. ముందుకు, వెనక్కు, పక్కలకు. ఎముక అలవాటైన కుదుపును పెద్దగా పట్టించుకోదు, కొత్తదాన్ని పట్టించుకుంటుంది. ఆ తర్వాత ఒంటికాలి మీద, ఆపైన ఇంటి ముందు మెట్టు మీద నుంచి. నన్నడిగితే ఈ దశకు తొక్కుడుబిళ్ళను మించిన వ్యాయామం లేదు. ఒంటికాలి కుంటు, మధ్యలో రెండు కాళ్ళ దిగుడు, వెనక్కి తిరిగి గెంతడం, వంగి బిళ్ళ తీయడం, మధ్యమధ్య ఎదుటివాళ్ళ ఆట అయ్యేదాకా విశ్రాంతి. నేను కాగితం మీద రాసిచ్చేదంతా ఆ గీతల్లోనే ఉంది. స్కిప్పింగ్ తాడు, షటిల్, బాస్కెట్‌బాల్ కూడా మంచివే.

కాళ్ళకే కాదు, చేతులకూ వీపుకూ కూడా కొంచెం పని పడాలి. గోడకు చేతులానించి తోయడం, అది తేలికయ్యాక నేల మీద మోకాళ్ళు ఆనించి దండీలు. బోర్లా పడుకుని ఛాతీ నేల మీంచి కొద్దిగా లేపి ఐదు అంకెలు లెక్కపెట్టడం. సీఎఫ్ పిల్లలు దగ్గీ దగ్గీ భుజాలు ముందుకు వంగిపోతారు, ఈ చివరిది ఆ వంపును ఆపడానికి. బరువు పట్టుకుని నడుము దగ్గర ముందుకు వంగే పనులు, పూర్తిగా లేచి కూర్చునే సిట్అప్స్ మాత్రం చేయించవద్దు. పలచబడిన వెన్నుపూసల ముందు భాగం మీద అవే ఎక్కువ ఒత్తిడి పెడతాయి. చేతికి గానీ ఛాతీకి గానీ మందులు ఎక్కించే గొట్టం (లైన్) పెట్టి ఉంటే ఆ వైపు చేతి వ్యాయామాలు ఆపాలి.

కఫం తీసే ఫిజియోకు ముందు గెంతులు వేయిస్తే ఒక పనికి రెండు ఫలితాలు. కదిలిన కఫం హఫ్ చేస్తే, అంటే నోరు తెరిచి "హా" అని గాలిని బలంగా వదిలితే, సులువుగా వస్తుంది. అయితే గెంతులు వేశాడు కదా అని ఫిజియో మానేయకండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే వ్యాయామంలో ఒకసారి చూడండి. 90 కన్నా దిగితే ఆపి డాక్టరుకు చెప్పండి. జ్వరం ఉన్న రోజు, కఫం రంగు మారి ఎక్కువైన రోజు విశ్రాంతే. తగ్గాక ఆపినచోట నుంచి కాకుండా మళ్ళీ మొదటి పది నుంచి మొదలుపెట్టండి.

ఈ సమాధానం చదివే ఆడపిల్లల తల్లులకు ఒక మాట. గెంతమంటే మీ అమ్మాయి ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటుంటే, ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడగండి. ఏళ్ళ తరబడి దగ్గడం వల్ల కటి కండరాలు సడలి, గెంతినా నవ్వినా రెండు చుక్కల మూత్రం పడిపోవడం సీఎఫ్ ఉన్న ఆడపిల్లల్లో తరచూ ఉండేదే. సిగ్గుతో ఎవరికీ చెప్పరు, ఆటలే మానేస్తారు. దానికి విడిగా వ్యాయామాలున్నాయి, బాగవుతుంది కూడా. ఫిజియోను అడిగితే నేర్పుతారు.

అలాగే సీఎఫ్ ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేర్చి ఆడించాలని కొందరు మంచి మనసుతో అనుకుంటారు. దయచేసి వద్దు. ఒకరి ఊపిరితిత్తుల్లోని మొండి సూక్ష్మజీవులు సీఎఫ్ ఉన్న ఇంకొకరికి అంటుకుంటాయి. మీ బాబు ఆడాల్సింది చెల్లెలితో, వీధి పిల్లలతో, బడి స్నేహితులతో. అందుకే పీఈటీ సార్ చెట్టు కింద కూర్చోబెట్టడం నాకు బాధగా ఉంది. ఆయన మంచికోరే చేస్తున్నారు, ఆయనకు ఎవరూ చెప్పలేదంతే. డాక్టరు చేత ఒక కాగితం రాయించి ఇవ్వండి. ఆటలకు అనుమతి ఉందని, దగ్గు వస్తే అది అంటువ్యాధి కాదని, దగ్గనివ్వాలని, నీళ్ళకూ ఉప్పుకూ ఎప్పుడంటే అప్పుడు పంపాలని అందులో ఉండాలి.

ఉప్పు సంగతి ఎండాకాలంలో మరీ ముఖ్యం. సీఎఫ్ పిల్లల చెమటలో ఉప్పు చాలా ఎక్కువగా పోతుంది. ముద్దుపెట్టుకుంటే ఉప్పగా ఉన్నాడని మీరే రాశారు కదా. మామూలు పిల్లలకు చెమటపడితే రక్తంలో ఉప్పు చిక్కబడి దాహం వేస్తుంది. వీళ్ళకు నీటితో పాటు ఉప్పు కూడా పోవడంతో ఆ దాహం సరిగా వేయదు. "దాహమైతే తాగు" అంటే చాలదు, ఆటకు ముందు, మధ్యలో, తర్వాత తాగించాలి. ఓఆర్ఎస్ గానీ, బాగా ఉప్పేసిన మజ్జిగ గానీ. ఏప్రిల్, మే నెలల్లో ఆట పొద్దున ఏడులోపు, లేకపోతే పొద్దుగూకాక. కాళ్ళు పట్టేయడం, వాంతులు, మత్తుగా పడుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తిండి గురించి డయటీషియన్ నాకన్నా బాగా చెప్తారు, నేను రెండు ముక్కలే చెప్తాను. కుదుపు అన్నది కబురు మాత్రమే, కట్టడానికి సిమెంటు తిండిలోంచే రావాలి. ఈ వయసుకు రోజుకు 1300 మి.గ్రా. కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వుల ఉండలు, మునగాకు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు అన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. అయితే పాలతో కాచిన రాగిజావ ఇచ్చేటప్పుడు కూడా కొవ్వు అరగడానికి వాడే ఎంజైమ్ క్యాప్సూల్ ఇవ్వాలి. "జావే కదా" అని క్యాప్సూల్ లేకుండా ఇచ్చే ఇళ్ళు చాలా చూశాను. విటమిన్ డి కూడా అంతే, పరగడుపున కాకుండా నెయ్యో నూనో ఉన్న భోజనంతో, ఎంజైమ్‌తో కలిపి వేయాలి. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములకు తగ్గకుండా ఉంచాలని అమెరికా సీఎఫ్ మార్గదర్శకాలు చెప్తాయి. పరీక్ష చేయించకుండా 60,000 యూనిట్ల సాచెట్లు మీకు మీరే పెంచేయకండి, ఎక్కువైనా ప్రమాదమే.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడుగారు చెప్పిన కొత్త మాత్రల గురించి అడిగారు. సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌నే సరిచేసే మందులు అవి. మొదటిది అక్కడ 2012లో, మూడు మందులు కలిపినది 2019లో వచ్చింది. జన్యులోపం ఏ రకమో తేలితేనే పనికొస్తాయో లేదో చెప్పగలరు, కాబట్టి జన్యు పరీక్ష రిపోర్టు జాగ్రత్తగా పెట్టుకోండి. అవి దొరికినా కూడా ఈ గెంతులు మానాల్సిన పనిలేదు.

మళ్ళీ స్కాన్ ఎప్పుడు అంటే, మైనస్ 1కీ మైనస్ 2కీ మధ్య ఉన్న పిల్లలకు మామూలుగా రెండేళ్ళకు తీస్తారు. మూడు నెలలకే తీయిస్తే ఏమీ తెలియదు, ఊరికే టెన్షన్ పడతారు. ఈలోపు ఎత్తు, బరువు నెలకోసారి గోడ మీద గీసి పెట్టండి, గెంతులు క్యాలెండర్‌లో టిక్కు పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ క్యాలెండర్ ఫోటో, బాబు దిగే తీరు పక్కనుంచి తీసిన చిన్న వీడియో మీ ఫిజియోకు చూపించండి.

నానమ్మగారికి మీరు వాదించి చెప్పకండి. మొదటి రోజు ఆవిణ్ణి వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చప్పుడు వినిపిస్తే ఆ గెంతు లెక్కలోకి రాదని చెప్పి, పది లెక్కపెట్టే పని ఆవిడకే అప్పగించండి.